స్వీడన్ పల్లెలో చలికాలం: పిల్లలతో బయట ఏం చేస్తారు?

మూడేళ్ళ పాప, ఏడేళ్ళ బాబుతో స్వీడన్‌లోని ఫాలున్ దగ్గరి పల్లెకు వస్తున్నామని, చలికాలమంతా పిల్లల్ని ఇంట్లోనే ఉంచాలా అని, ఆ నెలల్లో అమ్మానాన్నల్ని పిలవొచ్చా అని అడిగారు. పిల్లల్ని ఇంట్లో ఉంచకండి. అమ్మానాన్నల్ని పిలవండి, కానీ నెల చూసి పిలవండి. ఎందుకో వివరంగా చెప్తాను.

నేను ఒంగోలు ఎండల్లో పెరిగినదాన్ని. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఫాలున్ ఉన్న ఈ డాలర్నా ప్రాంతంలోనే ఉంటున్నాం, పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. ఇక్కడ కష్టపెట్టేది చలి అని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో అది చీకటి. చలికి బట్టలున్నాయి. చీకటికి మాత్రం పగటిపూట బయటికి వెళ్ళడం తప్ప వేరే మందు లేదు. డిసెంబరు మూడో వారంలో సూర్యుడు ఉదయం తొమ్మిదింటికి వచ్చి మధ్యాహ్నం మూడు కాకముందే వెళ్ళిపోతాడు. పన్నెండింటికి కూడా ఆకాశంలో ఆరు డిగ్రీల ఎత్తుకి మించి ఎక్కడు. అడవి పక్కన ఇల్లయితే చెట్లు దాటి ఎండ లోపలికి రానే రాదు. మీరే దాని దగ్గరికి వెళ్ళాలి.

అన్నిటికన్నా బరువైన నెల నవంబరు. ఆకులన్నీ రాలిపోయి ఉంటాయి, నేల నల్లగా తడిగా ఉంటుంది, మంచు ఇంకా నిలవదు. ఆ తర్వాత ఒక రోజు మంచు పడి నిలుస్తుంది. అంతే, ఊరి ముఖమే మారిపోతుంది. వీధి దీపం వెలుగు, వెన్నెల, కిటికీల్లో పెట్టే క్రిస్మస్ నక్షత్రాల వెలుగు, అన్నీ ఆ తెల్లదనం మీద పడి తిరిగి పైకొస్తాయి. రాత్రి ఏడింటికి కూడా పిల్లలు టార్చి లేకుండా పెరట్లో ఆడుకుంటారు. ఇక్కడివాళ్ళు మంచు కోసం ఎందుకంత ఎదురుచూస్తారో మీకు ఆ రోజు అర్థమవుతుంది.

ఇక బట్టలు. ఇండియాలో ఏమీ కొనకండి. అక్కడ దొరికే లావుపాటి జాకెట్లు ఇక్కడ పెద్దగా పనికిరావు. ఒంటికి ఆనుకుని పల్చటి మెరీనో ఉన్ని, దానిమీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటర్, పైన గాలి, తడి చొరబడని ఓవరాల్. ఈ మూడు పొరలే పిల్లల్ని కాపాడతాయి. లోపల నూలు బట్ట వద్దు. పరిగెత్తి చెమట పట్టాక ఆ తడి ఒంటిమీదే ఉండి చల్లబడుతుంది, పిల్లలు వణికేది అప్పుడే. వేళ్ళు విడివిడిగా ఉండే గ్లోవ్స్ కంటే నాలుగు వేళ్ళూ కలిసి ఉండే మిటెన్స్ వెచ్చగా ఉంటాయి. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి, ఉన్ని సాక్స్‌కీ వాటి చుట్టూ కాస్త గాలికీ చోటుండాలి. బూటు బిగుతైతే ఎన్ని సాక్స్ వేసినా పాదం మంచుగడ్డే.

మీ పాపని చేర్చబోయే ప్రీస్కూల్లో ఈ అలవాటంతా వాళ్ళే నేర్పేస్తారు. రోజూ బయటికి తీసుకెళ్తారు, తడిసిన బట్టలు ఆరబెట్టడానికి వెచ్చటి గాలి వచ్చే బీరువాలు ఉంటాయి. పసిపిల్లల్ని తోపుడు బండిలో బాగా కప్పి ఆరుబయటే నిద్రపుచ్చుతారు. మా పెద్దదాన్ని మొదటిసారి అలా పడుకోబెట్టినప్పుడు నాకు చాలా టెన్షన్‌గా అనిపించింది. లోపల పడుకున్న రోజుల కన్నా ఎక్కువసేపు, గాఢంగా నిద్రపోవడం చూశాక ఆ భయం పోయింది. డి విటమిన్ చుక్కల గురించి మాత్రం రాగానే పిల్లల ఆరోగ్య కేంద్రంలో అడగండి.

వారాంతాల్లో ఏం చేస్తామంటే, పొద్దున పదింటికల్లా బయల్దేరి అడవిలో మంట వేసుకునే చోటికి వెళ్తాం. దాదాపు ప్రతి ఊరికీ దగ్గర్లో అలాంటి చోటు ఒకటి ఉంటుంది: మూడువైపులా చెక్క గోడలు, ఒక కప్పు, ఎదురుగా రాళ్ళ పొయ్యి. ఇక్కడ ఎవరి భూమిలోనైనా, ఇంటి ముంగిలికి దూరంగా, పంటకి నష్టం లేకుండా నడవొచ్చు, స్కీయింగ్ చేయొచ్చు. ఆల్లెమాన్స్‌రెత్తెన్ అనే ఈ హక్కు 1994 నుంచి రాజ్యాంగంలో కూడా ఉంది. పొలం గడ్డకట్టి మంచు కప్పేశాక దాని మీదుగా అడ్డంగా వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు. కానీ బతికున్న చెట్టు కొమ్మ విరవకూడదు. అందుకే మేం కట్టెలు కారులో తీసుకెళ్తాం. ఒక్కోసారి అక్కడే ఎవరో పేర్చి ఉంచుతారు, అయినా సొంతవి ఉండటమే మంచిది.

ఇక్కడి కుటుంబాలు ఆ మంట మీద సాసేజ్‌లు కాల్చుకుంటాయి. పిల్లలకి ఇంకో ఇష్టమైన పని ఉంది: పిండిని పుల్లకి చుట్టి నిప్పుల మీద రొట్టెలా కాల్చడం. మేం గోధుమపిండిలో కాస్త బేకింగ్ పౌడర్, ఉప్పు, వాము కలిపి ముద్ద చేసి తీసుకెళ్తాం. మంటలో కాకుండా ఎర్రటి నిప్పుల మీద నిదానంగా తిప్పుతూ కాలిస్తే లోపలిదాకా ఉడుకుతుంది. ఒక ఫ్లాస్కులో మిరియాల చారు, ఇంకోదాంట్లో పిల్లలకి వేడి చాక్లెట్. మైనస్ పదిలో చారు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగితే వచ్చే హాయి నాకు ఏ రెస్టారెంట్లోనూ దొరకలేదు. పులిహోర, పెరుగన్నం లాంటివి వద్దు, పది నిమిషాల్లో గట్టిపడిపోతాయి. సంక్రాంతి సెలవు ఇక్కడ ఉండదు కాబట్టి, ఆ దగ్గరి శనివారం తెల్లవారుజామున తెలుగు కుటుంబాలం కొందరం అక్కడే భోగి మంట వేసుకుంటాం. ఏడున్నరకి కూడా చీకటే కాబట్టి మరీ తొందరగా లేవనక్కర్లేదు, మా పిల్లలకి అది పెద్ద ఆనందం!

నడిచేటప్పుడు పిల్లలకి మంచు మీద అడుగులు చూపించండి. ఏడేళ్ళ బాబుకి ఇంతకన్నా మంచి ఆట లేదు. కుందేలు గెంతినప్పుడు వెనక కాళ్ళు ముందు కాళ్ళని దాటి పడతాయి, అందుకే పెద్ద గుర్తులు ముందుంటాయి. నక్క అడుగులు ఒకే గీత గీసినట్టు వెళ్తాయి. మూస్ అనే పెద్ద జింక నడిచిన చోట లోతైన గుంటలుంటాయి. ఒక చెట్టు కింద చీల్చిన పైన్ కాయల పొట్టు కుప్పగా కనిపిస్తే పైన ఉడుత ఉన్నట్టు. మా వాడు తెలుగు అక్షరాల కన్నా ముందు ఇవే చదవడం నేర్చుకున్నాడు.

ఒక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే పిల్లలు నిరాశపడతారు. బాగా చలిగా ఉన్న రోజు మంచుబొమ్మ చేయలేరు. మైనస్ పదిహేనులో మంచు పొడిగా, ఇసుకలా ఉంటుంది, ఎంత నొక్కినా అతుక్కోదు. సున్నా దగ్గరకొచ్చినప్పుడే ముద్దలవుతుంది. అలాంటి రోజు వస్తే హోంవర్క్ పక్కన పెట్టేయండి. బొమ్మతో పాటు మంచు లాంతరు కూడా చేయండి: ముద్దల్ని గుండ్రంగా పేర్చి, పైకి పోయేకొద్దీ వలయం చిన్నది చేస్తూ, లోపల కొవ్వొత్తి పెట్టాలి. మరీ చలి రోజుల్లో మంచుగడ్డ లాంతరు చేయొచ్చు. బకెట్‌లో నీళ్ళు పోసి రాత్రి బయట పెడితే అంచులు ముందు గడ్డకడతాయి, మధ్యలో నీళ్ళు మిగులుతాయి. వాటిని పారబోసి ఆ గుంటలో దీపం పెట్టాలి.

అలాంటి గట్టి చలి రోజుల్లోనే ఊరు అన్నిటికన్నా అందంగా ఉంటుంది. ఇక్కడి చెక్క ఇళ్ళకి వేసే ముదురు ఎరుపు ఫాలున్ రాగి గనిలోంచి వచ్చిన రంగు. గని 1992లో మూతపడినా రంగు తయారవుతూనే ఉంది. ఆ ఎర్ర గోడల పక్కన తెల్లటి పొలాలు, బర్చ్ చెట్ల సన్నటి కొమ్మల మీద కూడా పేరుకున్న మంచు నూగు. ఎండ అంత కిందనుంచి వస్తుంది కాబట్టి నీడలు పొలమంతా సాగుతాయి, వాటి రంగు నలుపు కాదు, నీలం. ఫొటోలు తీయాలంటే ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది.

సరస్సు గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఫాలున్ పక్కనే ఉన్న రున్ సరస్సు గడ్డకట్టాక స్కేటింగ్ దారులు చేస్తారు, ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. నడవడానికి కనీసం పది సెంటీమీటర్ల గట్టి, స్వచ్ఛమైన మంచుగడ్డ కావాలి. వాగు కలిసే చోటు, వంతెన కింద, రెల్లు పొదల దగ్గర పల్చగా ఉంటుంది. వసంతంలో మందంగా కనిపించినా లోపల బలం ఉండదు. మెడలో వేసుకునే మేకుల పిడులు అమ్ముతారు, నీళ్ళలో పడితే వాటిని గుచ్చి పైకి పాకడానికి. పెద్దవాళ్ళందరూ వేసుకోవాలి. ఊరివాళ్ళు ఎవరూ కనిపించని సరస్సు మీదకి పిల్లల్ని ఎంత అడిగినా తీసుకెళ్ళకండి.

స్కీలకి డబ్బు పెట్టకండి. ఫ్రీతీద్స్‌బాంకెన్ అనే సామాన్ల లైబ్రరీలు స్వీడన్‌లో చాలా ఊళ్ళలో ఉన్నాయి. మొదటిది 2013లో వార్మ్‌లాండ్ ప్రాంతంలోని దేయె అనే ఊళ్ళో మొదలైంది. స్కీలు, స్కేట్లు, హెల్మెట్లు, పిల్లల్ని కూర్చోబెట్టి లాగే పుల్కా బండ్లు, అన్నీ పద్నాలుగు రోజులకి ఉచితంగా ఇస్తారు. పిల్లల కాళ్ళు ప్రతి ఏడాదీ పెరుగుతాయి కాబట్టి ఇది ఎంత మేలో వేరే చెప్పనక్కర్లేదు. మీ పాపకి ఈ ఏడు పుల్కా చాలు. బాబుని సమతలంగా ఉన్న దారిలో, దీపాలున్న ట్రాక్‌లో మొదలుపెట్టించండి. ట్రాక్‌లో స్కీల కోసం వేసిన గీతల మీద బూట్లతో నడవకండి, స్కీ చేసేవాళ్ళకి అది నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక అమ్మానాన్నలు. నవంబరు, డిసెంబరు వద్దు. మా అత్తయ్యగారు, మావయ్యగారు ఒకసారి డిసెంబరులో వచ్చి చాలా దిగులుపడ్డారు. ఆ తర్వాత ఫిబ్రవరి చివర్లో వచ్చినప్పుడు ఇదే ఊరు వాళ్ళకి నచ్చింది. అప్పటికి పగలు పది గంటలు దాటుతుంది, మంచు ఇంకా నిండుగా ఉంటుంది, ఎండలో గోడకి ఆనుకుని కూర్చుంటే ముఖం వెచ్చబడుతుంది. బళ్ళకి ఆ రోజుల్లోనే వారం సెలవు కూడా ఉంటుంది. 1940లో యుద్ధకాలంలో బళ్ళని వెచ్చబెట్టే బొగ్గు ఆదా చేయడానికి మొదలైన సెలవు అది, ఇప్పుడు కుటుంబాలన్నీ మంచులో గడిపే వారమైంది. మార్చి మొదటి ఆదివారం దాకా ఉండేలా టికెట్ తీసుకుంటే వాసలోపెట్ కూడా చూపించొచ్చు. సేలెన్ నుంచి మూరా దాకా తొంభై కిలోమీటర్ల స్కీ పందెం, 1922 నుంచి జరుగుతోంది. దారి పొడవునా జనం నిలబడి ఉత్సాహపరుస్తారు, పందెంలో ఉన్నవాళ్ళకి వేడి బ్లూబెర్రీ సూప్ ఇస్తారు.

వాళ్ళు వచ్చేలోపు రెండు వస్తువులు సిద్ధం చేయండి. ఒకటి, బూట్ల కింద తగిలించే మేకుల పట్టీలు, కరిగి మళ్ళీ గడ్డకట్టిన దారి మీద పెద్దవాళ్ళు జారి పడకుండా. రెండోది స్పార్క్. ముందు చిన్న కుర్చీ, వెనక పట్టుకునే పిడి, కింద పొడవాటి రెండు ఇనుప పట్టీలు ఉండే బండి. ఇక్కడి ముసలివాళ్ళు దాన్ని పట్టుకునే కిరాణా కొట్టుకి వెళ్ళొస్తారు, సరుకులు కుర్చీ మీద పెట్టుకుని. పాతది వేలంలోనో సెకండ్ హ్యాండ్ షాపులోనో చవగ్గా దొరుకుతుంది. రోడ్డుమీద ఇసుక చల్లకముందు, పొద్దున్నే అయితే బాగా జారుతుంది. మావయ్యగారు కూర్చుంటే మా అమ్మాయే తోసుకుంటూ పోస్ట్ డబ్బాల దాకా తీసుకెళ్ళేది.