నాన్నగారి వడ్రంగి పనిముట్లు ఎవరికివ్వాలి?

నాన్నగారి ఉలులు, రంపాలు, తోపడ అటక మీద తుప్పు పడుతున్నాయని, పాత ఇనుప సామాన్ల వాడికి వేయడానికి చేతులు రావట్లేదని రాశారు. వేయకండి అండీ. పాత ఉలిలో ఉక్కు గట్టిది, తుప్పు వదిలిస్తే ఇంకో తరం పనిచేస్తుంది.

పిడి తడవకుండా ఇనుప భాగం మాత్రమే ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టండి. పొద్దున స్టీల్ పీచుతో రుద్దితే నల్లటి మడ్డి ఊడి, కింద బూడిదరంగు ఉక్కు కనిపిస్తుంది. వెంటనే వంటసోడా నీళ్లతో కడిగి, బాగా తుడిచి, నూనె రాయండి. సుత్తి పిడి వదులుగా ఉంటే మార్చాకే ఇవ్వండి. మా అబ్బాయి చేతిలోంచి ఒకసారి సుత్తి తల ఊడి ఎగిరింది, ఇప్పటికీ తలుచుకుంటే భయమే.

ఇక ఎవరికి? దగ్గర్లోని ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ ఉందేమో కనుక్కోండి. ఉంటే అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌ని కలిసి, కోర్సు పూర్తయ్యాక సొంతంగా పని మొదలుపెట్టే కుర్రాడెవరో అడగండి. చేతివృత్తుల వాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఉంది, ఆ మాటా అతనికి చెప్పండి. సెట్టు విడగొట్టకుండా మొత్తం ఒక్కరికే ఇవ్వండి.