వెనక సీట్లో స్క్రీన్లు, ఖాతాలో ఇరవై రోజుల డబ్బు

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. నెలకు చేతికి 78 వేలు వస్తాయి. భార్య గృహిణి, పిల్లలకు 8, 5 ఏళ్లు. గత ఏడాది లోన్ మీద చిన్న కారు తీసుకున్నాం. సంక్రాంతికి, వేసవి సెలవులకు శ్రీకాకుళం అందులోనే వెళ్తున్నాం. దారి పొడవునా పిల్లల గొడవ భరించలేక కారులో వీడియో సిస్టమ్ పెట్టిద్దామనుకుంటున్నాను. ముందు పది అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో, వెనక రెండు హెడ్‌రెస్ట్ స్క్రీన్లు, యాంప్, సబ్‌వూఫర్ కలిపి కార్ డెకార్ షాపులో 85 వేలు చెప్పారు. మొత్తం నగదు కడితే 78 వేలకే ఇస్తారట. 2 వేలు అడ్వాన్స్ ఇచ్చాను. షాపులో 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది. ఫోన్‌లో ఒక యాప్ రెండేళ్లకు 24 శాతం వడ్డీతో పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. లేదంటే నేను కడుతున్న లక్ష రూపాయల చీటీ ఇప్పుడే పాడుకోవచ్చు. మూడింటిలో ఏది మేలు? రెండేళ్లలో ఫ్లాట్ కొనాలన్న ఆలోచన కూడా ఉంది.

జవాబు: మూడూ వద్దు. ఇంతవరకే మెయిల్ పెట్టి ఊరుకునేవాణ్ని. కానీ ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య బాగా పెరిగాయి. ఒకరికి ఫోను, ఇంకొకరికి సోఫా, మీకు కారులో స్క్రీన్లు. వస్తువు మారుతోంది గానీ వరస మారడం లేదు. ముందు వస్తువు ఖాయం చేసుకుంటారు, అడ్వాన్స్ ఇచ్చేస్తారు, ఆ తర్వాత అప్పులను పక్కపక్కన పెట్టి వడ్డీలు పోలుస్తారు. ఇంట్లో ఉన్న డబ్బు ఎన్నాళ్లకు సరిపోతుందన్న లెక్క ఆ వరసలో ఎక్కడా రాదు.

ఆ లెక్క నేను వేశాను. మీరు పంపిన వివరాల ప్రకారం అద్దె 19,000, కారు ఈఎంఐ 14,600, పిల్లల ఫీజులు, స్కూలు వ్యాను నెలకు 9,400, పాలు, సరుకులు, గ్యాస్, కరెంటు, ఫోన్లు 19,000. మొత్తం 62 వేలు. వచ్చే నెల ఆపేద్దామంటే ఆగే ఖర్చు ఇందులో ఒక్కటీ లేదు. మీ సేవింగ్స్ ఖాతాలో ఉన్నది 42 వేలు. అంటే ఇరవై రోజుల ఖర్చు. ఇరవై ఒకటో రోజు నుంచి ఏం చేస్తారు?

అత్యవసర నిధి గురించి చెప్పిందే చెబుతానని కొందరు పాఠకులు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. మీ ఇంట్లో సంపాదించేది మీరొక్కరే. ప్రైవేటు ఉద్యోగంలో ‘రేపటి నుంచి రానక్కర్లేదు’ అనే మెయిల్ ఏ శుక్రవారం సాయంత్రమైనా రావచ్చు. ఆ రోజు జీతం ఒక్కటే ఆగదు, ఆఫీసు వాళ్లు ఇచ్చిన 3 లక్షల హెల్త్ పాలసీ కూడా దాంతోపాటే పోతుంది. కొత్త ఉద్యోగం దొరికే దాకా అద్దె ఆగదు, బ్యాంకువాడు ఆగడు, స్కూలువాళ్లు అసలే ఆగరు. మీలాంటి కుటుంబానికి కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. మీ విషయంలో అది 3,72,000. మీ దగ్గరున్నది అందులో దాదాపు తొమ్మిదో వంతు. అదీ పూర్తిగా పక్కన పెట్టిన డబ్బు కాదు, ఎందుకంటే ఆ 42 వేలలోంచే పండగ బట్టలు కూడా కొనాలని రాశారు.

ఇక నెల మిగులు చూద్దాం. 78 వేలలో 62 వేలు ఖర్చులకు, 5 వేలు చీటీకి, ఎండోమెంట్ పాలసీ (పొదుపు, జీవిత బీమా కలిసినది) ప్రీమియం కింద నెలకు 3 వేలు పోతే మిగిలేది 8 వేలు. షాపు ఈఎంఐ 7,083. అది కట్టాక మీ చేతిలో ఉండేది 917 రూపాయలు. హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం రానూ పోనూ దాదాపు 1,440 కిలోమీటర్లు. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చినా 90 లీటర్ల పెట్రోలు కావాలి, అంటే ఒక్క ట్రిప్పుకు తొమ్మిది వేల పైమాట. పంతంగి దగ్గర మొదలయ్యే టోలు, దారిలో టిఫిన్లు, భోజనాలు అదనం. స్క్రీన్లు పెట్టించుకుంటే ఊరికి వెళ్లడానికి క్రెడిట్ కార్డు గీకాల్సిన పరిస్థితి వస్తుంది. ఆ బిల్లు పూర్తిగా కట్టలేక మినిమం కట్టారనుకోండి, చాలా కార్డుల మీద వడ్డీ ఏడాదికి 40 శాతం దాకా పడుతుంది, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ.

నో కాస్ట్ అన్న మాట నమ్మి మీలాంటి చదువుకున్నవాళ్లే ఎలా పడిపోతారో నాకు అర్థం కాదు. నగదుకు 78 వేలు, ఈఎంఐకి 85 వేలు అని షాపువాడే మీకు నోటితో చెప్పాడు. ఆ 7 వేలు వడ్డీ కాకపోతే మరేమిటి? నెలనెలా అసలు తీరుతూ వస్తుంది కాబట్టి లెక్క కడితే ఇది ఏడాదికి 16 శాతం పైన పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకా ఎక్కువ. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. పేరు మార్చుకుని అది మళ్లీ మన ముందుకే వచ్చింది.

యాప్ లోన్ సంగతి ఇంకా దారుణం. 85 వేలకు 24 శాతం చొప్పున రెండేళ్లకు నెలకు 4,494 కట్టాలి. మొత్తం 1,07,856. దాదాపు 23 వేలు వడ్డీకే పోతాయి. ‘ఈఎంఐ తక్కువ కదా’ అని మీరు రాసిన వాక్యం కింద నేను ఎర్ర గీత పెట్టుకున్నాను. తక్కువ ఈఎంఐ అంటే ఎక్కువ నెలలు కట్టడం. పైగా రెండేళ్లలో ఫ్లాట్ అంటున్నారు. హోమ్ లోన్ ఇచ్చే బ్యాంకు మీ జీతంలో ఈఎంఐలకు ఎంత పోతోందో చూసే లోన్ ఎంతివ్వాలో తేలుస్తుంది. కారు ఈఎంఐ పక్కన ఇంకోటి కనబడితే మీకే నష్టం.

చీటీ విషయంలో మాత్రం మీ పొరపాటు కంటికి కనబడదు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. మీది 20 నెలల చీటీ, నెలకు 5 వేలు, 7 కట్టారు. ఇప్పుడు పాడితే 20 వేలు వదులుకోవాలన్నారు. చేతికి వచ్చేది 80 వేలు. అందులో 35 వేలు మీరు ఇప్పటికే కట్టిన మీ డబ్బే. నిజంగా మీరు తీసుకుంటున్న అప్పు 45 వేలు. ఆ 45 వేలకు ఇంకా 13 నెలలు 5 వేల చొప్పున 65 వేలు కడతారు. డివిడెండ్ల వల్ల (పాడినవాళ్లు వదులుకున్న డబ్బులో మీ వాటా) కాస్త తగ్గినా ఇదీ ఖరీదైన అప్పే. ‘మన చీటీయే కదా’ అనే ధీమాతో దీన్ని ఎవరూ అప్పుల జాబితాలో రాసుకోరు. చీటీని కదిలించకండి. సంస్థ చిట్ ఫండ్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో మాత్రం ఒకసారి చూసుకోండి. చివరిదాకా ఉంచి, వచ్చిన మొత్తాన్ని నేరుగా అత్యవసర నిధిలో వేయండి.

కారు లోన్ మీద టాప్ అప్, భార్య బంగారం మీద లోన్ అనే ఆలోచనలు కూడా వస్తాయి. రానివ్వకండి.

ఇప్పుడు వస్తువు గురించి. కారు కొనేటప్పుడు డబ్బు కలిసొస్తుందని కింది వేరియంట్ తీసుకున్నానని రాశారు. మంచి పని. ఆ కలిసొచ్చిందంతా ఇప్పుడు డెకార్ షాపులో, అదీ ఎక్కువ వడ్డీకి పోస్తున్నారు. రేపు కారు అమ్మితే ఈ స్క్రీన్లకు విడిగా ఎవరూ ధర కట్టరు. బయట ఫిట్టింగ్‌లో కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) సరిపోకపోతే వైర్లు కత్తిరించి టేపు చుడతారు. దాంతో కంపెనీ వారంటీలో ఎలక్ట్రికల్ భాగాల దగ్గర పేచీ మొదలవుతుంది. ఇంకోటి, ముందు స్క్రీన్‌లో హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటేనే వీడియో వచ్చేలా ఒక వైరు ఉంటుంది. దాన్ని బాడీకి కలిపేసి ‘ఇక నడుపుతూ కూడా చూడొచ్చు సార్’ అని షాపులో కుర్రాడు గర్వంగా చెబుతాడు. పన్నెండు, పదమూడు గంటల ప్రయాణంలో స్టీరింగ్ మీరే పట్టుకుంటారు. ఆ వైరు ముట్టుకోనివ్వద్దు.

చాలామందికి తట్టనిది బీమా. మీ కారు పాలసీలో ఐడీవీ అని ఉంటుంది, కారు పూర్తిగా పోతే బీమావాళ్లు ఇచ్చే మొత్తం అది. తయారీ కంపెనీ నుంచి ఎలా వచ్చిందో ఆ కారుకే ఆ విలువ కడతారు. బయట పెట్టించిన స్టీరియో, స్క్రీన్లు అందులో ఉండవు. వాటి విలువను ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ కింద విడిగా చెప్పి, సాధారణంగా ఆ విలువలో 4 శాతం అదనపు ప్రీమియం కడితేనే క్లెయిమ్ వస్తుంది. 85 వేలకు 3,400, జీఎస్టీతో 4 వేల పైన, అదీ ఏటా. చెప్పకుండా వదిలేస్తే, అద్దం పగలగొట్టి ఎవరైనా స్క్రీన్లు ఎత్తుకుపోయిన రోజున జీరో డెప్ పాలసీ (తరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చేది) ఉన్నా వాటికి పైసా రాదు, మీ ఈఎంఐ మాత్రం ఆగదు.

పిల్లల గొడవ నిజమే, కాదనను. దానికి ఇంట్లో ఉన్న ట్యాబ్ చాలు. మీకు ట్యాబ్ ఉందని మీ ఖర్చుల పట్టికలోనే కనబడింది, దాని ఈఎంఐ పోయిన మార్చిలో తీరింది. హెడ్‌రెస్ట్‌కు బిగించే హోల్డర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. బ్రేక్ వేసినప్పుడు ఊడి రానంత గట్టిగా బిగించండి. బయల్దేరే ముందు రోజు రాత్రి ఇంట్లో వైఫైతో కార్టూన్లు డౌన్‌లోడ్ చేసి పెట్టండి. కదిలే కారులో స్క్రీన్ చూస్తే కొందరు పిల్లలకు కడుపులో తిప్పుతుంది. మీ చిన్నవాడు ఆ రకమో కాదో 85 వేలు పెట్టాక తెలుసుకోవడం కన్నా ట్యాబ్‌తో తెలుసుకోవడం నయం.

అయినా స్టీరియో కావాలనిపిస్తే ఒక్క ముందు యూనిట్ చాలు, హెడ్‌రెస్ట్ స్క్రీన్లు, సబ్‌వూఫర్ అక్కర్లేదు. నెలకు 2,500 చొప్పున ఏడాది ఆర్‌డీ కట్టి, 30 వేలు చేతికొచ్చాక నగదు ఇచ్చి బేరమాడండి. అదీ అత్యవసర నిధి సగమైనా నిండాకే.

ఆ 8 వేల మిగులులో ముందు వెళ్లాల్సింది టర్మ్ పాలసీకి, అంటే మీకేమైనా అయితేనే ఇంటికి డబ్బు వచ్చే బీమాకి. మీకున్న ఎండోమెంట్ కవర్ 6 లక్షలు, మీ ఇంటికి అది పది నెలల ఖర్చు కూడా కాదు. ఇద్దరు పిల్లలు, ఒక జీతం, ఒక లోన్ ఉన్న మీకు కనీసం కోటి రూపాయల కవర్ ఉండాలి. పొగతాగని 34 ఏళ్ల వ్యక్తికి ఇది ఏడాదికి సుమారు 12 నుంచి 16 వేల మధ్య వస్తుంది. దాంతోపాటు ఆఫీసుతో సంబంధం లేని 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ) ఒకటి తీసుకోండి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, కాబట్టి ప్రీమియం ఎక్కువన్న సాకు కాస్త తగ్గింది. ఎండోమెంట్ పాలసీని ఏం చేయాలన్నది దాని బాండ్ కాపీ పంపితే చెబుతాను. ఈ రెండు ప్రీమియాలు పోగా మిగిలిందంతా నిధికి. అది మీరు రోజూ వాడే ఖాతాలో వద్దు. వేరే బ్యాంకులో స్వీప్ ఇన్ ఎఫ్‌డీగానో (అవసరమైతే దానంతటదే ఖాతాలోకి వచ్చే డిపాజిట్), లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచండి, యూపీఐ దానికి కలపకండి.

అడ్వాన్స్ ఇచ్చిన 2 వేలు వెనక్కి అడగండి. ఇవ్వనంటే గొడవ పడొద్దు. ఆ డబ్బుకే హోల్డర్, ఒక మంచి కారు చార్జర్, పిల్లలిద్దరికీ చిన్న హెడ్‌ఫోన్లు తెచ్చుకోండి.