సుమా, ముందు గాలి సంగతి చూడు

చి. సౌ. సుమకు పెద్దమ్మ ఆశీస్సులు.

అల్వాల్ ఇంటి పెరట్లో అల్యూమినియం పందిరి వేయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నీ సంపాదనతో కొన్న ఇల్లు, నీ చేతుల మీదుగా జరిగే పని. ఎంత సంతోషమేసిందో! ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు. ఫోన్లో చెబుదామంటే ‘సరే పెద్దమ్మా’ అంటూనే వేరే పనిలో పడిపోతావు. అందుకే రాస్తున్నాను.

అల్యూమినియం మంచిదే. ఇనుములా తుప్పు పట్టదు, ఏటా రంగు వేసే బాధ లేదు. పౌడర్ కోటింగ్‌ది, అంటే పొడి రంగును కాల్చి అంటించినది, లేత రంగుది తీసుకో. వాలు ఇంటి గోడ నుంచి బయటికి ఉండాలి, నీళ్లు మాత్రం పక్కవాళ్ల జాగాలో పడకూడదు. ఇంటికీ ప్రహరీకీ మధ్య ఖాళీగా వదిలే సెట్‌బ్యాక్ జాగా కప్పుతున్నావు కాబట్టి టౌన్ ప్లానింగ్ వాళ్లను ముందే అడుగు. వెలుతురు కోసం పైన పాలీకార్బొనేట్ షీటు, ఆ వెలుతురు దిగే ప్లాస్టిక్ రేకు, అనుకుంటున్నావట. మే నెల ఎండలో దాని కింద నీ కొడుకు చింటూ కూర్చోగలడా? నిండు రేకే వేయించు, డబ్బు సర్దుబాటయితే పఫ్ ప్యానెల్, రెండు రేకుల మధ్య వేడి ఆపే నురుగు నింపినది.

ఇవి ఎవరైనా చెబుతారు. అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతే ఉంటుంది. అమ్మేవాళ్లు ఆ తేలికతనాన్నే గొప్పగా చెబుతారు. నా భయమంతా అక్కడే.

1999లో వనస్థలిపురం ఇంటి వెనకాల మేం రేకుల షెడ్డు వేయించాం. రేకుకు ఆరు హుక్కులు కావాలన్నాడు పనివాడు. నాలుగు చాలన్నాను. స్తంభాలకు గుంతలు తవ్వుతానన్నాడు. కొత్తగా చేయించిన గచ్చు పాడవుతుందని, దాని మీదే ప్లేట్లు పెట్టి బోల్టులు కొట్టమన్నాను. మీ పెద్దనాన్న ఒకసారి ఆలోచించమన్నారు. నేను లెక్కల టీచర్ని కదా, కాగితం తీసి లెక్క వేసి చూపించాను. రేకుల బరువు, పైన ఇద్దరు మనుషులు ఎక్కితే ఆ బరువు, అన్నీ ఆ పైపులు మోస్తాయని తేల్చాను. కిందికి పడే బరువే నా లెక్కలో ఉంది. పైకి లేస్తుందన్న ఆలోచనే రాలేదు.

మరుసటి ఏడు మే నెల. సాయంత్రం నాలుగున్నరకు ఆకాశం మట్టి రంగుకు తిరిగింది. బట్టలు తీయడానికి వెనక్కి వెళ్లేసరికి రేకులు టపటప కొట్టుకుంటున్నాయి. ఒక స్తంభం గచ్చు పెళ్లతో సహా లేచింది. నా కళ్ల ముందే రెండు రేకులు ప్రహరీ దాటి పక్కింట్లోకి వెళ్లాయి. బట్టలుతికే బండ మీద పడ్డాయి, బండ అంచు విరిగిపోయింది. నిమిషం ముందు దాకా అక్కడ వాళ్ల పిల్ల గిన్నెలు తోముతోంది, ఏడో తరగతి పిల్ల. దుమ్ము లేచిందని వాళ్లమ్మ అప్పుడే లోపలికి పిలిచింది.

మీ పెద్దనాన్న వెళ్లి రేకులు తెచ్చి గోడకు ఆనించారు. నేను వారం రోజులు వెనక తలుపు తీయలేకపోయాను. ఆ పిల్లకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు, కనబడితే టీచరమ్మా అని పలకరిస్తుంది. నేను మాత్రం ఈదురుగాలి లేస్తే ఇప్పటికీ ముందు వాళ్ల పెరటి వైపే చూస్తాను.

నీ పందిరికీ మూడు వైపులు ఖాళీ, నాలుగో వైపు ఇంటి గోడ. లోపలికి దూరిన గాలి గోడను కొట్టి, పోయే దారి లేక పైకి తోస్తుంది. పై నుంచి వెళ్లే గాలి అదే సమయంలో రేకును పైకి లాగుతుంది. హైదరాబాద్‌లో కట్టడాల లెక్కకు తీసుకునే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. దాని తోపు చదరపు మీటరుకు సుమారు 118 కిలోలు. నువ్వు అనుకున్న పదీ పన్నెండు అడుగుల పందిరి 11 చదరపు మీటర్లు. దాదాపు 1,300 కిలోలు, బిడ్డా! పందిరి బరువు అందులో ఎన్నో వంతో నువ్వే చూడు.

అందుకని టైల్స్ మీద ప్లేట్లు పెడతానంటే ఒప్పుకోకు. ఎంత బాగా కనబడినా సరే. ప్రతి స్తంభం కిందా గుంత తవ్వించి కాంక్రీటు పోయించు. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉంటే ఆ ఒక్క దిమ్మే 540 కిలోలు తూగుతుంది. స్తంభాన్ని పచ్చి సిమెంటులో పాతనివ్వకు, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. దిమ్మ ఆరాక దాని మీద ప్లేటు, కాంక్రీటులోకి దిగి పట్టుకునే యాంకర్ బోల్టులు. గోడ వైపు బోల్టులు ప్లాస్టరింగ్‌లోకో ఇటుకలోకో కాదు, స్లాబు బీములోకి దిగాలి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి, రబ్బరు వాషర్లతో. రాణిగంజ్‌లో నువ్వే కొనుక్కుని వాళ్ల చేతిలో పెట్టు. వాటి దగ్గర మాత్రం నాలాగా బేరం చెయ్యకు.

కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. ఆ పందిరి కింద చింటూ సైకిల్ తొక్కుతాడని మీ అమ్మ అంది. అప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు.

స్తంభాలెన్ని, ఒక్కోదానికి బోల్టులెన్ని, గుంత లోతెంత, రేకుకు స్క్రూలెన్ని, అన్నీ వాళ్ల చేతే కాగితం మీద రాయించి ఫొటో తీసి పంపు. నేను చూశాకే అడ్వాన్సు ఇవ్వు. బిగించే రోజు పొద్దున్నే ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి వస్తాను. ఆ పూట నాకూ అన్నం వండు.

మీ పెద్దమ్మ