పాత కారు గేర్‌బాక్స్ మార్చాలా, కారే అమ్మేయాలా?

పదమూడేళ్ల మాన్యువల్ కారుకి మెకానిక్ గేర్‌బాక్స్ మార్చాలన్నాడని అడిగారు. ముందుగా, పాడైంది గేర్‌బాక్సేనా అని తేల్చుకోండి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రొద పెరిగి బండి వేగం అందుకోకపోతే చాలావరకు అది క్లచ్ ప్లేటే, తక్కువ ఖర్చులో పనైపోతుంది. న్యూట్రల్‌లో గుర్రుమని, క్లచ్ తొక్కగానే ఆగే శబ్దమైతే బేరింగ్‌ని అనుమానించాలి. గేర్ ఆయిల్ దింపించి మీరే చూడండి: సన్నటి మెరుపు పొడి మామూలే, ఇనుప పెచ్చులు కనిపిస్తే మాత్రం లోపల గేర్ల పళ్లు విరిగి ఉండొచ్చు.

అప్పుడు కూడా కొత్త గేర్‌బాక్స్ వద్దు. ఇంజిన్ బాగుండి, బాడీకి తుప్పు లేకపోతే స్క్రాప్ మార్కెట్‌లో అదే మోడల్ బాక్స్ వారంటీతో దొరుకుతుందేమో అడగండి. మరో రెండేళ్లలో కారుకి 15 ఏళ్లు నిండితే ఆర్‌సీ రెన్యువల్, ఫిట్‌నెస్ పరీక్ష ఎలాగూ ఉన్నాయి, అవీ లెక్కలో వేసుకోండి. రిపేరు ఖర్చు కారు ధరలో సగం దాటితే నేనైతే ఉన్నదున్నట్టు చెప్పి అమ్మేస్తాను.