ఆ పాత ల్యాప్‌టాప్‌ను అప్పుడే అమ్మేయకండి

ప్రశ్న: మా ల్యాప్‌టాప్ 2016లో కొన్నది, 4 జీబీ ర్యామ్. దీనికి విండోస్ 11 ఎక్కదు, 10కి ఇక అప్‌డేట్లు రావు, పాతదిచ్చి కొత్తది తీసుకోండి అని షాపులో అన్నారు. మాకు కావలసింది పాప ఆన్‌లైన్ క్లాసులు, మెయిల్, కరెంటు బిల్లు కట్టుకోవడం, అంతే. లైనక్స్ వేస్తే నడుస్తుందా? అందులో ఉన్న ఫొటోలు పోతాయేమోనని టెన్షన్. — గృహిణి, తెనాలి

జవాబు: నడుస్తుందమ్మా. అప్పుడే అమ్మేయకండి. షాపు వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది, విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు 8వ తరం లేదా ఆ పైది కావాలి, 2016 నాటి ల్యాప్‌టాప్‌లో అది ఉండదు. కానీ మీ యంత్రం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది, కంపెనీ లెక్కల్లో పాతబడిందంతే. నాకు ఇక్కడే బాధగా ఉంటుంది, బాగా పనిచేస్తున్న వస్తువుని ఇంట్లోవాళ్లు కష్టపడి దాచుకున్న డబ్బు పోసి మార్చేస్తుంటే.

లైనక్స్ అంటే విండోస్‌కి బదులు ఉచితంగా వేసుకోగలిగే ఆపరేటింగ్ సిస్టమ్, అందులో చాలా రకాలున్నాయి. మీకు లైనక్స్ మింట్ సరిపోతుంది, అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం. దాని వెబ్‌సైట్ నుంచి ఫైలు దించుకోండి, మూడు జీబీ దాకా ఉంటుంది. రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో దాన్ని 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించండి (పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ఖాళీది తీసుకోండి). ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కితే, కొన్నింట్లో ఎఫ్9 లేదా ఎస్కేప్, దేని నుంచి మొదలవ్వాలో అడుగుతుంది, పెన్‌డ్రైవ్ అని చెప్పండి. ఇన్‌స్టాల్ నొక్కనంత వరకు హార్డ్‌డిస్క్‌లో మీ ఫొటోలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఈ పద్ధతిని లైవ్ అంటారు. ఒక వారం ఇలాగే వాడండి. వైఫై తగులుతోందా, కెమెరా, మైకు పనిచేస్తున్నాయా, పాప క్లాసు తెరుచుకుంటోందా, మీ ప్రింటర్ ప్రింటు తీస్తోందా, ఇవన్నీ చూసుకోండి. పెన్‌డ్రైవ్ మీద కొంచెం నెమ్మదిగా ఉంటుంది, కంగారు పడకండి.

నచ్చితే అప్పుడు ఇన్‌స్టాల్ చేయండి. అయితే దానికి ముందు ఫొటోలన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌కి కాపీ చేసి, తెరుచుకుంటున్నాయో లేదో ఒకసారి చూసి మరీ మొదలుపెట్టండి, ఎందుకంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఎరేజ్ డిస్క్’ అనే దాన్ని నొక్కితే ఏదీ మిగలదు. వీలైతే పాత హార్డ్‌డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ వేయించండి, స్పీడులో తేడా అన్నిటికంటే దాంతోనే ఎక్కువ తెలుస్తుంది. 4 జీబీతో బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే మాత్రం లైనక్స్ అయినా ఆయాసపడుతుంది.

ప్రశ్న: నాది డీటీపీ సెంటర్. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పదిహేనేళ్ల పెండ్లి కార్డుల ఫైళ్లు. లైనక్స్‌కి మారమని మా తమ్ముడు పోరుతున్నాడు. — డీటీపీ ఆపరేటర్, నల్గొండ

జవాబు: ఆ సిస్టమ్‌ను కదిలించకండి, బతుకుదెరువు దాని మీదే ఉంది. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరం ఒకేలా గుర్తుపట్టే పద్ధతి) కంటే పాత పద్ధతివి, వాటిలో కొట్టిన అక్షరం ఆ ఫాంటు లేనిచోట పిచ్చి గుర్తుల్లా కనిపిస్తుంది. పేజీలు అమర్చే మీ పేజ్‌మేకర్ కొత్త వెర్షన్ 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయింది. అంటే పదిహేనేళ్ల మీ కష్టం ఇక ఎవరూ బాగుచేయని ఒక ప్రోగ్రాంలో ఇరుక్కుపోయి ఉంది, ఆ సంగతి మాత్రం ఇప్పటి నుంచే ఆలోచించాలి. అన్ని ఫైళ్లకూ పీడీఎఫ్ తీసి పెట్టుకోండి. కొత్తగా వచ్చే కరపత్రాలు కొన్ని పక్కన ఇంకో సిస్టమ్‌లో యూనికోడ్‌తో చేసి చూడండి, పేజీలకు స్క్రైబస్, బొమ్మలకు ఇంక్‌స్కేప్ ఉన్నాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి లాంటి ఫాంట్లు డబ్బులివ్వకుండా, లైసెన్సు భయం లేకుండా వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు ఉంది, రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ఇంటర్నెట్ తొలిరోజుల నుంచి తెలుగువాళ్లు వాడుతున్న, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్టీఎస్ కూడా ఉంది. కానీ అను కీబోర్డుకు అలవాటైన వేళ్లు దారికి రావడానికి టైం పడుతుంది, సీజన్‌లో మొదలుపెట్టకండి.

ఇంకో మాట. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘స్త్రీ’ అని కొడితే తకారం, రకారం సకారం కింద సరిగ్గా కుదురుకుంటాయి చూశారా, ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రోగ్రాం. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నిట్లోనూ అదే ఉంది. తెలుగు ఒత్తుల కోసం ఒకచోట తప్పు సరిదిద్దితే ఇన్నిచోట్లా సరిపోతుంది. మన లిపికి ఇంత మేలు చేసిన పని గురించి మనలో చాలామందికి తెలియకపోవడం నాకు వెలితిగానే ఉంటుంది.

ప్రశ్న: లైనక్స్ కోడ్ అందరికీ కనిపిస్తే దొంగలకూ కనిపిస్తుంది కదా? అలాంటిదాంట్లో నెట్ బ్యాంకింగ్ చేయొచ్చా? — విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, అనంతపురం

జవాబు: కనిపిస్తుందండీ, దొంగలు ప్రయత్నిస్తారు కూడా. 2024లో జరిగింది చెబుతాను. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాం దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. దాన్ని చూసుకునే ఆయనకి సాయం చేస్తానంటూ జియా టాన్ అనే మారుపేరుతో ఎవరో చేరారు, రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించారు, చివరికి సర్వర్లలోకి దొంగదారి తెరిచే కోడ్‌ను అందులో దాచారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లోనే, తన సిస్టమ్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. ఎందుకా అని తవ్వుకుంటూ వెళ్లి అసలు గుట్టు పట్టుకుని మార్చి 29న లోకానికి చెప్పారు, చాలామంది వాడే స్థిరమైన వెర్షన్లలోకి అది చేరకముందే ఆగిపోయింది.

ఇందులో అదృష్టం పాలు ఉంది, నేను కాదనను. కోడ్ కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని ధీమాగా ఉండకూడదు, ఆ ఎక్స్‌జెడ్ భారం ఏళ్ల తరబడి మోసింది దాదాపు ఒక్క మనిషే. కానీ అనుమానం వచ్చిన రోజున ఎవరి అనుమతీ అడగకుండా బయటి మనిషి లోపలికి దిగి చూడగలిగాడంటే కోడ్ తెరిచి ఉండబట్టే. మీ బ్యాంకు పనికి లైనక్స్‌లో ఫైర్‌ఫాక్సో క్రోమో చాలు, అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా వేసుకోండి. ఓటీపీ అడిగి డబ్బు కాజేసేవాడికి మాత్రం మీ కంప్యూటర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నా ఒకటే.

ప్రశ్న: లైనక్స్ లాంటివన్నీ ఉచితంగా ఇస్తే వాళ్లకేంటి లాభం? — డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఇంగ్లీషులో ఫ్రీ అంటే రెండర్థాలు, మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ స్వేచ్ఛగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పుడు అడిగింది రెండోదాన్ని: వాడుకునే, చదివే, మార్చుకునే, పంచుకునే హక్కు. హైదరాబాద్‌లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసినవాళ్లు స్వేచ్ఛ అని పేరు పెట్టుకున్నది అందుకే. 1991లో హెల్సింకీలో 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) మరుసటి ఏడాది ఈ హక్కులిచ్చే గ్నూ లైసెన్సు కిందకే వచ్చింది. ఇక డబ్బంటావా, రెడ్ హ్యాట్ అనే లైనక్స్ కంపెనీ అమ్మేది సపోర్టును, ఆ కంపెనీని 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. కెర్నల్‌లో ఎక్కువ భాగం ఇప్పుడు రాస్తున్నది ఇంటెల్, గూగుల్ లాంటి చోట్ల జీతం తీసుకునే ఇంజినీర్లే. నువ్వు క్లౌడ్ ఉద్యోగాల వైపు వెళ్లాలనుకుంటే కమాండ్ లైన్ (మౌస్ లేకుండా ఆదేశాలు టైపు చేసి పని చేయించడం) ఇవాళే మొదలుపెట్టు. ప్రపంచంలో అత్యంత వేగమైన 500 సూపర్‌కంప్యూటర్లు 2017 నవంబర్ నుంచి అన్నీ లైనక్స్ మీదే నడుస్తున్నాయి.

ప్రశ్న: మా బడిలో ఎనిమిది కంప్యూటర్లు మూలన పడి ఉన్నాయి. పిల్లలకు పనికొచ్చేలా చేయగలమా? — ప్రభుత్వ ఉపాధ్యాయిని, పార్వతీపురం

జవాబు: తప్పకుండా చేయగలరు టీచర్ గారూ. కేరళ ప్రభుత్వ బడులు దాదాపు ఇరవై ఏళ్లుగా ఇదే దారిలో ఉన్నాయి, తమ పాఠాలకు తగ్గట్టు సొంతంగా లైనక్స్ తయారుచేసుకున్నాయి. మీరు ముందు దుమ్ము దులిపి ఎన్ని ఆన్ అవుతున్నాయో చూడండి, పాడైనవాటి ర్యామ్ తీసి మంచివాటికి వేయించండి. చదువు ఆటలకు జీకాంప్రి, లెక్కలకు జియోజీబ్రా, బొమ్మలకు టక్స్ పెయింట్ ఉన్నాయి, ఇవి ఇంటర్నెట్ లేకుండా కూడా నడుస్తాయి, తెలుగు టైపింగ్ పెట్టి పిల్లల చేత వాళ్ల ఊరి గురించి నాలుగు వాక్యాలు రాయించండి. ప్రాసెసర్ పాతకాలపు 32 బిట్ రకం అయితే కొత్త మింట్ ఎక్కదు, కాబట్టి ఒక్కోదాని మోడల్ నంబరు రాసి పంపండి, దేనికి ఏది వేయాలో విడిగా రాసి పంపుతాను.