ఇంజిన్‌కి లక్ష పెట్టాలా, కొత్త బండికి వాయిదాలు కట్టాలా?

ప్రశ్న: ఆకివీడు దగ్గర రొయ్యలు, ఐసు తోలుతున్నాను. బండి 2014 మోడల్ బొలెరో పికప్, నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగుతుంది. ఆయిల్ తాగుతోంది, నీలం పొగ వస్తోంది. ఫుల్ ఇంజిన్ పనికి మెకానిక్ 95,000 చెప్పాడు. కొత్త బండికైతే 2 లక్షలు ముందు కట్టి, అయిదేళ్లు నెలకు 17,000 వాయిదా. ఖర్చులన్నీ పోను నెలకు 24,000 మిగులుతుంది. చేతిలో 1,20,000 ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇంజిన్ కంటే ముందు ఛాసిస్, అంటే బండి కింది ఇనుప చట్రం చూపించండి. రొయ్యల ట్రేల నుంచి కారే ఉప్పునీరు ముందు తినేది దాన్నే. వెనక స్ప్రింగు పట్టీల బ్రాకెట్ల దగ్గర సుత్తితో కొట్టించండి. పెచ్చులూడి ఇనుము లోపలికి పోతుంటే ఈ బండికి ఇక రూపాయి పెట్టకండి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి, కుళ్లిన ఛాసిస్‌తో అది రాదు. 15 ఏళ్లు నిండితే ఆ ఫీజు కూడా బాగా పెరుగుతుంది. కాబట్టి పెట్టిన డబ్బు 2029 లోపు తిరిగి రావాలి.

ఛాసిస్ గట్టిగా ఉంటే ఇంజిన్ పనే చేయించండి. కొత్త బండికి ముందే 80,000 అప్పు చేయాలి. ఆ తర్వాత వాయిదా పోను చేతికొచ్చేది 7,000. రొయ్య ధర పడి పట్టుబడులు ఆగిన నెలలో అదీ ఉండదు.

అయితే ఫుల్ ఇంజిన్ అవసరమో కాదో తేలాలి. బండి స్టార్టులో ఉండగా ఆయిల్ మూత తీయండి. ఆవిరి గట్టిగా ఎగదన్నితే పిస్టన్ రింగులు పోయినట్టు. అలా కాకుండా పొద్దున స్టార్టింగులోనే నీలం పొగ వచ్చి తగ్గిపోతుంటే వాల్వు సీళ్లను అనుమానించాలి. ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో పైపులో ఆయిల్ నిలిచి ఉంటే తప్పు టర్బోది కావచ్చు. కంప్రెషన్ టెస్టు, ఇంజెక్టర్ల టెస్టు రెండూ చేయించండి, ఎందుకంటే కారే ఇంజెక్టరు బోరు (పిస్టన్ ఆడే గొట్టం) మీది ఆయిల్ పొరను డీజిల్‌తో కడిగేసి కొత్త రింగులనూ తినేస్తుంది.

ఇంజిన్ విప్పాక బోరును పైన, మధ్యలో, కింద కొలిచాకే పిస్టన్లు కొనాలి. అరుగుదల పరిమితిలో ఉంటే రింగులు, బేరింగులు, వాల్వు గ్రైండింగుతో హాఫ్ ఇంజిన్ పని చాలు. క్రాంక్ షాఫ్టు కూడా కొలవకుండా గ్రైండింగుకు ఇవ్వకండి. హెడ్ వంగిందేమో చూపించి, ఆయిల్ పంపు, గ్యాస్కెట్లు, హోసులు అప్పుడే మార్పించండి. పుంత రోడ్ల దుమ్ము పీల్చిన ఎయిర్ హోసు పగులును వదిలేస్తే ఈ ఖర్చంతా మళ్లీ మొదటికొస్తుంది. రేడియేటరు కడిగించి కూలెంట్ పోయించండి. మన దగ్గరి ఉప్ప బోరునీళ్లు పోస్తే లోపల గార కట్టి, ఇంజిన్ వేడెక్కి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తీసేస్తానంటే ఒప్పుకోవద్దు.

డబ్బు దగ్గరికొస్తే, 95,000కి మరో 15,000 కలుపుకోండి, విప్పాక కొత్త ఖర్చులు బయటపడతాయి. బండి పక్షం రోజులు ఆగితే 12,000 రాబడి పోతుంది. అంటే అసలు లెక్క 1,22,000. చేతిలోది మొత్తం ఊడ్చి పెట్టకండి. 70,000 అందులోంచి తీసి, మిగతా 52,000కు బ్యాంకులో బంగారం పెట్టండి. బయట అప్పుకు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, బ్యాంకు వడ్డీ మామూలుగా అందులో సగం లోపే. నెలకు 7,000 కడితే ఎనిమిది నెలల్లో తీరిపోతుంది.

సామానుకు, లేత్ పనికి, కూలికి విడివిడిగా అంచనా రాయించుకోండి. అడ్వాన్సు సామానుకే ఇవ్వండి, బిల్లులూ పాత సామానూ మీరే తీసుకోండి. కూలిలో మూడో వంతు 500 కిలోమీటర్ల సర్వీసు దాకా ఆపండి. ఆ 500 కిలోమీటర్లూ సగం లోడే వేసి, ఒకే వేగంతో లాగకుండా నడిపి, తర్వాత ఆయిల్, ఫిల్టరు మార్చాలి. అరిగిపోయిన ఇంజిన్‌కు ఇన్సూరెన్సు రాదు, దాన్ని నమ్ముకోకండి.

అప్పు తీరిన నెల నుంచి కిలోమీటరుకు రూపాయిన్నర చొప్పున, అంటే నెలకు 3,000, బ్యాంకులో మూడేళ్ల ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టండి. వడ్డీ కాక 1,08,000 అవుతుంది. ఈ లోపు ఇంజిన్ మొరాయించకపోతే అదే కొత్త బండికి ముందు కట్టే సొమ్ములో సగం.