గండికోట బొమ్మ ఇంటికొచ్చేసరికి ఎందుకు నల్లబడుతోంది?

ప్రశ్న: ఫ్రాన్స్‌లోని బార్బిజాన్ చిత్రకారుల మాదిరి ప్రకృతి ముందే కూర్చుని, గండికోట లోయను ఆయిల్ కలర్స్‌లో వేస్తున్నాను. అక్కడ తేటగా ఉన్న బొమ్మ ఇంట్లో నల్లగా, బురదగా కనిపిస్తోంది. నీడలూ పొంతన కుదరడం లేదు.
– ఓ పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: మీ బోర్డు మీద ఎండ పడుతున్నట్టుంది. ఎండలో ప్రతి రంగూ ఉన్నదానికంటే తేటగా కనబడుతుంది, దాంతో తెలియకుండానే ముదురు కలుపుతాం. బోర్డూ పాలెట్టూ రెండూ నీడలో ఉండాలి. గొడుగు తెల్లదో బూడిదరంగుదో వాడండి; నీలం గొడుగైతే ఆ ఛాయ బొమ్మంతా పరుచుకుంటుంది. అంచున గాలి బలంగా ఉంటుంది, ఈజిల్‌కు రాళ్ల సంచి వేలాడదీయండి.

నీడలకు నలుపు ట్యూబు అసలు ముట్టొద్దు. అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ సియన్నా (ఎర్ర గోధుమ రంగు) చాలు. దగ్గరి రాతికి సియన్నా పాలు పెంచండి, పెన్నకు అవతలి గట్టుకు నీలం, తెలుపు పెంచండి. నీడలో ఉన్న రాతి పగులును కాసేపు చూడండి: ఎదుటి ఎండ రాయి నుంచి కొట్టే నారింజ వెలుగు అందులో దాక్కుని ఉంటుంది. అది వేయకపోతే నీడకు ప్రాణం రాదు. వెలుగుకో బ్రష్షు, నీడకో బ్రష్షు పెట్టుకుని, ప్రతిసారీ గుడ్డతో తుడవండి. బురదకు సగం కారణం తుడవని బ్రష్షే.

పొంతన కుదరనిది ఎండ జరగడం వల్ల. 8×10 అంగుళాల బోర్డు మించొద్దు, 2 గంటలు దాటొద్దు. మొదటి 15 నిమిషాల్లోనే టర్పెంటైన్‌లో పలచన చేసిన సియన్నాతో నీడల హద్దులు గీసేయండి. ఆ తర్వాత పొద్దు ఎటు తిరిగినా వాటిని కదపొద్దు. పని మిగిలితే మర్నాడు అదే వేళకు వెళ్లండి.

బార్బిజాన్ బొమ్మల్లోని గోధుమ చీకటిని మాత్రం తెచ్చుకోకండి. అది బార్బిజాన్ పక్కనున్న ఫాంటెన్‌బ్లో అడవి చెట్ల కింది వెలుగు. పైగా నాటి బొమ్మల్లో కొన్ని బిట్యుమెన్ (తారులాంటి గోధుమ రంగు) వాడటం వల్ల, వార్నిష్ ముదరడం వల్ల కాలక్రమేణా నల్లబడ్డాయి. మన ఎర్రరాతి కొండకు ఆ రంగు అన్యాయం. తీసుకోవాల్సింది వాళ్ల పట్టుదల. వాళ్లలో ఒకడైన థియొడోర్ రూసో ఆ అడవిలోనే ఏళ్లు గడిపి, చెట్లు నరకొద్దని పోరాడాడు. 1861లో అక్కడ వెయ్యి హెక్టార్లకు పైగా రక్షిత ప్రాంతమైంది. మరో చిత్రకారుడు దోబిన్యీ 1857లో పడవనే స్టూడియో చేసుకుని నది మీద తిరిగాడు.

ప్రశ్న: బొమ్మ మొత్తం బయటే పూర్తిచేయాలా?
– అదే పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. రూసో కూడా స్టూడియోలో ఒక్కో బొమ్మను ఏళ్ల తరబడి దిద్దేవాడు. చిన్న బోర్డు మీద వేసిన రంగులే మీకు ఆధారం. ఫోను ఫొటో కొండ గీతల వరకే పనికొస్తుంది, నీడల్ని అది నల్లముద్ద చేసేస్తుంది.